ఎవరూ చదవకూడదని

హడర్స్‌ఫీల్డ్‌లో కొండవాలు వీధి, నలభై రెండో నంబరు ఇల్లు.
మేడ మీద స్నానాల గది.
టబ్బు పక్క గోడ మీద చెయ్యి పెడితే
తడి తగల్లేదు. మెత్తదనం తగిలింది,
మరీ మగ్గిన సపోటాలా.

"బ్లీచ్‌తో తుడిచాను, మూడుసార్లు రంగేశాను," అంది కొరీన్.
"కిటికీ తెరుచుకోమంటాడు ఓనరు. జనవరిలో."
తలుపు చాటున ఆమె కొడుకు దగ్గాడు.
నా భాషలో గోడకి పట్టినా, పిల్లాడి ఛాతీకి పట్టినా
ఒకటే మాట, నెమ్ము.
ఆ సంగతి ఆమెకి చెప్పలేదు.

ఓలరన్‌షా కత్తి నా చేతికిచ్చాడు.
"నువ్వే కొయ్యి, నాన్సీ."
నా పేరు నాంచారమ్మ.
ఆరేళ్ళుగా ఆయన నోట్లో పట్టినంత వరకే నేను.

పలకలు ఊడి టబ్బులో పడ్డాయి.
లోపలున్నది పచ్చ బోర్డే, తడికి ఓర్చుకునే రకమే.
ఓర్చుకుంటుందని అట్ట మీద అచ్చేశారు గానీ
ఎప్పటిదాకా అని ఎవరూ వెయ్యలేదు.
లోపలి జిప్సం రాయి, బూజుకి పళ్ళు ఆనవు.
అది తినేది పైనున్న కాగితాన్ని.
కోసిన అంచులకి ఎవరూ పూత పుయ్యలేదు.
స్క్రూ మరీ లోతుకి దిగి కాగితం చిరిగిన చోటల్లా
ఒక నల్ల చుక్క, దాని చుట్టూ నూగు.
బోర్డు అడుగు టబ్బు అంచు మీదే కూర్చుని
వత్తి నూనె పీల్చినట్టు
ఏళ్ళ తరబడి నీళ్ళు పీల్చింది.

మరి ఫ్యాను? గుయ్యిమంటూ తిరుగుతూనే ఉంది.
అటకెక్కి చూశాను.
గొట్టం బయటికి పోలేదు.
గాజు దూది పరుపుల మధ్య నోరు తెరుచుకుని పడుంది,
ఆ ఇంటి వేడి స్నానాలన్నీ చీకట్లోకి వదులుతూ.
అవి చల్లారి, బొట్లు కట్టి, గోడ వెంట దిగొచ్చేవి,
వీధి వాకిట సాగనంపిన మనిషి
పెరటి తలుపున తిరిగొచ్చినట్టు.

మా పెద్దమ్మ ఆవకాయ జాడీ దగ్గరికి
తలంటుకున్నవాళ్ళని రానిచ్చేది కాదు.
"నీళ్ళకి కాదే నా భయం, చెమ్మకి."
నీళ్ళు కనపడతాయి, తుడుస్తాం.
చెమ్మ మాట్లాడదు, ఉండిపోతుంది.
ఇన్నాళ్ళకి ఆ మాటకి కూలి దొరుకుతోంది నాకు,
గంటకి పద్నాలుగు పౌండ్లు.

నాలుగు రోజులు పట్టింది.
కుళ్ళిన కర్ర తీసేశాం, మిగిలింది ఎండనిచ్చాం.
బోర్డు అడుగున చిటికెన వేలి గోరు పట్టేంత సందు.
కోసిన ప్రతి అంచుకీ పూత. మూలలకి పట్టీ.
నీలం లేపనం ఒకసారి అడ్డంగా,
ఆరాక ఒకసారి నిలువుగా.
సిలికాన్ పెట్టే ముందు ఓలరన్‌షా
టబ్బు నిండా నీళ్ళు నింపాడు.
"బరువు మీద పడ్డప్పుడే సందు ఎంతో తెలుస్తుంది."
ఆ మాట తర్వాత ఇద్దరం
టీ చల్లారేదాకా ఊరుకున్నాం.

గొట్టాన్ని ఈసారి ఇటుకలు దాటించి వీధిలోకి పెట్టాం.
టాయిలెట్ కాగితం ముక్క ఫ్యానుకి చూపిస్తే
టక్కున అంటుకుంది.
పిల్లాడు నవ్వాడు. మళ్ళీ అన్నాడు. మళ్ళీ.
నాలుగోసారికి దగ్గొచ్చింది.

ఒకటి చెప్పలేదు.
పాత బోర్డు వెనక పెన్సిల్ రాత ఉంది:
టి. హే..., 1994, బయట వాన.
మిగతా పేరు బూజు తినేసింది.
వానని వదిలేసింది.

కొత్త బోర్డు బిగించే ముందు,
ఓలరన్‌షా వ్యాను దగ్గరికి వెళ్ళినప్పుడు,
దాని వీపు మీద నేనూ రాశాను, తెలుగులో,
పూర్తి పేరు, తారీఖు, కింద ఒక వాక్యం.
ఏం రాశానో ఇక్కడ చెప్పను.
అది ఎవరి కంటైనా పడిందంటే
ఈ గోడని మళ్ళీ కోశారన్నమాట.